తమ్ముడికి వచ్చేది టెన్షన్ కాదమ్మా: మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నాక బీపీ ఎందుకు ఎగిరి పడుతుంది

అమ్మా, మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. మీది రాజోలు దగ్గర పల్లె. మీ తమ్ముడికి 29 ఏళ్లు. దింపు తీస్తూ కొబ్బరిచెట్టు మీద నుంచి పడ్డాడు. మెడలో ఆరో పూస దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతింది. ఆపరేషన్ అయి 7 నెలలైంది. మూత్రానికి కాథెటర్ గొట్టం ఎప్పుడూ ఉంటుంది. మామూలుగా బీపీ 90/60. కుర్చీలో కూర్చోబెడితే కళ్లు బైర్లు కమ్మి తల వాల్చేస్తున్నాడు. వారానికి ఒకటి రెండుసార్లు మాత్రం ఉన్నట్టుండి తల పగిలిపోతోందంటాడు, ముఖం ఎర్రబడుతుంది, నుదుటి మీద చెమట ధారగా కారుతుంది, ముక్కు బిగుసుకుంటుంది. అప్పుడు చూస్తే 180/100. ఊళ్లో వైద్యం చేసే ఆయన ఇదంతా టెన్షన్ అని చెప్పి రోజూ వేసుకోమని టెల్మిసార్టాన్ అనే బీపీ తగ్గించే మాత్ర ఇచ్చారు. అది మొదలైన దగ్గర నుంచి స్పృహ తప్పడం ఎక్కువైంది. దిగులు వల్ల స్ట్రెస్ హార్మోన్లు పెరిగి బీపీ వస్తోందా, ఆ మాత్ర కొనసాగించాలా, కొబ్బరినీళ్లు ఇస్తే కుదుటపడుతుందా అని అడిగారు.

నేను వెన్నుపాము దెబ్బతిన్నవారి పునరావాస వైద్యంలో 26 ఏళ్లుగా ఉన్నాను. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరిచెట్టు మీద నుంచి పడినవారిని, తాటిచెట్టు మీద నుంచి పడిన గీత కార్మికులను, రాత్రి గట్టు రోడ్డు మీద మోటారు సైకిలుతో కాలువలోకి వెళ్లినవారిని ఎందరినో చూశాను. మీరు వర్ణించిన తలనొప్పి నాకు బాగా తెలిసినదే. దాని పేరు ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా, అంటే దెబ్బకు కింది ఒంట్లో ఏదో ఇబ్బంది కలిగి, దానికి బీపీ ఒక్కసారిగా ఎగరడం. అది ప్రాణం మీదికి వచ్చే అత్యవసర పరిస్థితి. కారణాలు తర్వాత చెబుతాను, ముందు ఏం చేయాలో చదవండి.

తలనొప్పి మొదలైందనగానే అతన్ని లేపి నిటారుగా కూర్చోబెట్టండి. కాళ్లు మంచం మీద నుంచి కిందికి వేలాడేయండి. అలా చేస్తే రక్తం కాళ్లవైపు దిగి పైన ఒత్తిడి కొంత తగ్గుతుంది. పడుకోబెట్టడం మాత్రం చేయవద్దు. పొట్టకు బెల్టు కట్టి ఉంటే విప్పండి, లుంగీ ముడి, కాళ్లకు చుట్టిన బ్యాండేజీ, మూత్రం సంచికి కాలి మీద కట్టే పట్టీ అన్నీ వదులు చేయండి. ఆ వెంటనే మూత్రం గొట్టం చూడండి. ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. సంచి నిండిపోయిందా, గొట్టం తొడ కింద మడత పడిందా, సంచిని ఎవరైనా మంచం మీద పెట్టి మరిచిపోయారా అని చూడండి. ఇవేవీ కాకుండా మూత్రం రావడం ఆగిపోయి ఉంటే గొట్టం లోపల పూడుకుపోయినట్టే. గోరువెచ్చని సెలైన్ 10 నుంచి 15 మిల్లీలీటర్లు, అంతకు మించకుండా, నెమ్మదిగా ఎక్కించి చూడవచ్చు. అది తిరిగి రాకపోతే ఇంకా ఎక్కించకండి, గొట్టం మార్పించండి. పొత్తికడుపును గట్టిగా నొక్కడం, తట్టడం చేయకూడదు, దానితో బీపీ ఇంకా ఎగురుతుంది.

మూత్రం సరిగానే వస్తుంటే తర్వాత అనుమానించవలసింది మలం గట్టిపడి పేరుకుపోవడం. అప్పుడు కూడా తొందరపడి వేలు పెట్టకండి. లిగ్నోకైన్ అనే మొద్దుబరిచే జెల్లీ రాసి కొన్ని నిమిషాలు ఆగి, అక్కడ మొద్దుబారిన తర్వాతే మెల్లగా తీయాలి. అదీ కాకపోతే ఒళ్లంతా వెతకాలి. పిరుదుల దగ్గర పడక పుండు, కాలి బొటనవేలి గోరు కండలోకి దిగడం, కూర్చున్నప్పుడు వృషణాలు నలగడం, ఎండకు కాగిన ఇనుప కుర్చీ తగిలి తొడ కాలడం, ఇలా ఏదైనా కావచ్చు. అమలాపురం వైపు ఒక కుర్రవాడికి మూడు రోజుల పాటు ఇలా వచ్చిపోతుంటే గొట్టం రెండుసార్లు మార్చారు. చివరికి వాళ్ల అమ్మ దుప్పటి దులిపితే చీపురులోని కొబ్బరి ఈనె ముక్క తొడ కింద గుచ్చుకుని కనిపించింది. ఇంకొకరికి ఎర్రచీమలు. అతనికి తెలియదు కదా. ఆ భాగంలో నొప్పి మనసుకు అందదు, శరీరానికి మాత్రం అందుతుంది.

ఇదంతా చేస్తూనే రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూస్తూ ఉండండి. కారణం దొరికితే చాలాసార్లు కొద్ది నిమిషాల్లోనే దిగిపోతుంది. పై అంకె 150 దగ్గర నుంచి దిగకుండా ఉన్నా, కారణం దొరకకపోయినా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ త్వరగా పనిచేసి త్వరగా దిగిపోయే మందు ఇస్తారు. అంత ఒత్తిడిని అలాగే వదిలేస్తే మెదడులో రక్తనాళం చిట్లవచ్చు, ఫిట్స్ రావచ్చు. సద్దుమణిగాక కూడా కనీసం రెండు గంటలు గమనిస్తూ ఉండండి, మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది.

మీ ఊరి వైద్యుడి మీద కోపం పెట్టుకోకండి. నేను కూడా తొలి రోజుల్లో ఇదే పొరపాటు చేశాను. బీపీ 200 దాటిన ఒక గీత కార్మికుడికి ముందు మందు వేశాను, తర్వాత గొట్టం సంగతి చూశాను. గొట్టం మార్చగానే పేరుకున్న మూత్రమంతా దిగిపోయింది, అప్పటికే మందు పని మొదలైంది, బీపీ ఒక్కసారిగా పాతాళానికి పడిపోయింది. ఆ రాత్రి ఆయన కాళ్లు ఎత్తి పట్టుకుని కూర్చున్నాం. ముందు కారణం వెతకాలి, తర్వాతే మందు అన్నది నాకు ఆ రాత్రి నేర్పింది.

ఇక ఎందుకిలా జరుగుతుందో చెబుతాను. మనకు తెలిసిన కాలువలతోనే చెబితే తేలికగా అర్థమవుతుంది. ధవళేశ్వరం నుంచి దిగే నీరు ఏ కాలువకు ఎంత వెళ్లాలో పైనున్న ఆఫీసు చెబుతుంది, లాకుల దగ్గరా తూముల దగ్గరా లస్కర్లు షట్టర్లు ఎత్తుతూ దించుతూ సరిచేస్తారు. ఒంట్లో రక్తనాళాలకు అలాంటి లస్కర్లు సింపథెటిక్ నాడులు. మన పాఠ్యపుస్తకాల్లో వీటినే సహానుభూత నాడులు అన్నారు. ఇవి వెన్నుపాములో ఛాతీ మొదటి స్థాయి నుంచి నడుము రెండో స్థాయి వరకు ఉన్న భాగం నుంచి బయటికి వస్తాయి. మెదడు ఆజ్ఞ వీటికి చేరాలంటే మెడ మీదుగానే దిగాలి. మీ తమ్ముడికి మెడలోనే తీగ తెగింది. లస్కర్లంతా ఉన్నారు, షట్టర్లు బాగున్నాయి, ఆఫీసు కూడా పనిచేస్తోంది. ఒకరి మాట ఒకరికి చేరదు, అంతే.

గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి మాత్రం మెదడు నుంచి నేరుగా వస్తుంది, వెన్నుపాము గుండా పోదు. కాబట్టి అది చెక్కుచెదరలేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, ఇంకాసేపట్లో అవసరమవుతుంది.

మూత్రాశయం ఉబ్బిందనుకోండి. ఆ బాధ సంకేతం నాడుల ద్వారా వెన్నుపాములోకి చేరి, దెబ్బ దగ్గర ఆగిపోయి, అక్కడికక్కడే కింది లస్కర్లను లేపేస్తుంది. వాళ్లు ఆజ్ఞ లేకుండా, ఆగమనేవారు లేకుండా పొట్టలోవి, కాళ్లలోవి షట్టర్లన్నీ ఒకేసారి దించేస్తారు. అక్కడి రక్తమంతా పైకి తోసుకొస్తుంది. మెడలోని రక్తనాళాల్లో ఒత్తిడిని కొలిచే నాడులు ఇది గమనించి మెదడుకు చెబుతాయి. మెదడు తన చేతిలో ఉన్నంత వరకు పోరాడుతుంది. వేగస్ నాడితో గుండెను నెమ్మదింపజేస్తుంది, ముఖంలోని రక్తనాళాలను వదులు చేస్తుంది. ముఖం ఎర్రబడటం, ముక్కు బిగుసుకోవడం అందువల్లే. దెబ్బకు కింద మాత్రం చర్మం పాలిపోయి చల్లబడి, రోమాలు నిక్కబొడుచుకుని ఉంటాయి. ఈసారి వచ్చినప్పుడు కాళ్లు తాకి చూడండి, నాడి కూడా పట్టి చూడండి. దిగులుతో, భయంతో గుండె దడ వచ్చినవారికి నాడి వేగంగా కొట్టుకుంటుంది. వీరిలో చాలామందికి బీపీ ఎగిరిన వేళ నాడి మామూలు కంటే నెమ్మదిస్తుంది. ఆ లక్షణం కనిపిస్తే, ఇది టెన్షన్ కాదనడానికి మీ అంకెలతో పాటు ఇంకో ఆధారం దొరికినట్టే.

పొట్టలోని పెద్ద రక్తనాళాలను నడిపే నాడులు ఛాతీ ఆరో స్థాయి నుంచి కిందికి ఉన్న భాగంలో ఎక్కువగా ఉంటాయి. అందుకే ఆ స్థాయిలోనో దాని పైనో దెబ్బ తగిలినవారికే ముఖ్యంగా ఈ ప్రమాదం. నడుము దగ్గర దెబ్బతిన్నవారు ఇది చదివి కంగారు పడనవసరం లేదు. మరొక మాట, దెబ్బ తగిలిన తొలి వారాల్లో దెబ్బకు కింది వెన్నుపాము మొద్దుబారి ఉంటుంది కాబట్టి ఇది చాలామందిలో అప్పుడు కనిపించదు. నెలలు గడిచి, ఇంటికి వచ్చేశాక మొదలవుతుంది. ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదని మీరు బాధపడ్డారు. ఆ నిడివిలో వాళ్లకు కనిపించి ఉండకపోవచ్చు, అయినా ఇంటికి పంపేముందు చెప్పి ఉండవలసింది.

స్ట్రెస్ హార్మోన్ల గురించి అడిగారు కదా. ఈ మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది, కానీ అవన్నీ ఒకే దారిలో రావు. అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ నాడుల ఆజ్ఞ మీద విడుదలవుతాయి. కిడ్నీల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథుల లోపలి భాగానికి ఆ ఆజ్ఞ వెన్నుపాము నుంచే రావాలి. మెడలో తీగ పూర్తిగా తెగినవారి రక్తంలో ఇవి మామూలు వేళల్లో తక్కువగా ఉంటాయి. మీరూ నేనూ మంచం మీద నుంచి లేచి నిలబడితే రక్తంలో నార్‌అడ్రినలిన్ కొద్ది నిమిషాల్లో దాదాపు రెట్టింపవుతుంది. మీ తమ్ముడికి అది పెద్దగా పెరగదు. అంటే అతని మనసు ఎంత కుమిలినా, ఆ కుములుబాటు అడ్రినలిన్‌గా మారి కింది రక్తనాళాలను బిగించే దారే లేదు. మరి 180 ఎక్కడి నుంచి వచ్చింది? కింది నాడుల చివర్ల నుంచి ఒక్కసారిగా నార్‌అడ్రినలిన్ చిమ్ముతుంది. ఆ మొత్తం అంత భారీగా కూడా ఉండదు. నెలల తరబడి ఆ రసాయనం అందక ఆకలితో ఉన్న రక్తనాళాలు కొద్దిపాటి దానికే గట్టిగా బిగుసుకుంటాయి.

కార్టిసాల్ అనే మరో స్ట్రెస్ హార్మోను దారి వేరు. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి రక్తంలోకి వదిలే హార్మోను అడ్రినల్ గ్రంథి పైపొరను చేరి కార్టిసాల్‌ను రప్పిస్తుంది. తీగతో పని లేదు కాబట్టి అది మెడ దెబ్బ తర్వాత కూడా సాగుతుంది. దిగులు, నిద్రలేమి, మూత్రంలో ఇన్ఫెక్షన్, పడక పుండు దాన్ని పెంచగలవు. ఎక్కువ కాలం పెరిగి ఉంటే ఒంటికి మంచిది కాదు. కానీ నిమిషాల్లో 90ని 180 చేసేది అది కాదు. ఆ తలనొప్పి వచ్చినప్పుడు తమ్ముడితో "దిగులు పడకురా" అనడం వల్ల, తన బాధకు తన మనసే కారణమన్న భారం కూడా అతని మీద పడుతుంది. దయచేసి ఆ మాట మానండి. అతను దిగులు పడుతున్నాడంటే పడనివ్వండి, పక్కన కూర్చోండి, కాలం పడుతుంది. దిగులుకు వేరుగా సాయం చేద్దాం.

రాత్రులు నిద్ర పట్టడం లేదని కూడా ఒక ముక్క రాశారు. అది కూడా దిగులు ఒక్కదాని వల్లే అనుకోకండి. చీకటి పడ్డాక నిద్రవేళ చెప్పే మెలటోనిన్ అనే హార్మోను మెదడులోని పీనియల్ గ్రంథి నుంచి వస్తుంది. వినడానికి వింతగా ఉంటుంది కానీ, దానికి వెళ్లే నాడి మార్గం మెడ వెన్నుపాములోకి దిగి మళ్లీ పైకి ఎక్కుతుంది. మెడలో పూర్తిగా తెగినవారికి రాత్రిపూట పెరగవలసిన మెలటోనిన్ పెరగదు. డాక్టరుతో ఈ విషయం కూడా మాట్లాడండి.

ఇవేవీ కొత్తగా కనిపెట్టినవి కావు. ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944లో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల విభాగం ప్రారంభించిన లుడ్విగ్ గుట్‌మన్, విటరిడ్జ్‌తో కలిసి మూత్రాశయం ఉబ్బితే వారి బీపీ ఎలా ఎగురుతుందో కొలిచి 1947లో ప్రచురించారు. ఇన్నేళ్లయినా మన పల్లెల్లో దీన్ని టెన్షన్ అంటున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇప్పుడు రెండో సమస్య, కూర్చోబెడితే స్పృహ తప్పడం. మూలం అదే తెగిన తీగ. కూర్చోగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది. మనకైతే క్షణంలో షట్టర్లు బిగుస్తాయి. అతనికి బిగించమనే ఆజ్ఞ చేరదు. కాబట్టి లేపే పని దశలవారీగా చేయండి. మంచం మీద ఉండగానే, పడుకున్న స్థితిలోనే, కాళ్లకు వేళ్ల దగ్గర నుంచి తొడల దాకా సాగే బ్యాండేజీ చుట్టండి, పక్కటెముకల కింద పొట్టకు బెల్టు కట్టండి. తర్వాత వీపు కింద దిండ్లతో కొంచెం ఎత్తి అయిదు నిమిషాలు, ఇంకొంచెం ఎత్తి అయిదు నిమిషాలు, అప్పుడు కుర్చీలోకి. పొద్దున పూట ఇది ఎక్కువగా ఉంటుందని గమనించే ఉంటారు. రాత్రంతా పడుకుని ఉంటే మూత్రం ఎక్కువగా తయారై ఒంట్లో నీరు తగ్గుతుంది. మంచం తలవైపు కోళ్ల కింద ఒక్కో ఇటుక పెడితే ఇది కొంత తగ్గుతుంది. అయితే ఏటవాలుకు ఒళ్లు కిందికి జారి పిరుదుల దగ్గర చర్మం ఒరుసుకోకుండా రోజూ చూడండి. భోజనం కూడా ఒకేసారి పెద్ద కంచం నిండా పెట్టకండి. నిండుగా తిన్నాక రక్తం పేగులకు మళ్లి బీపీ ఇంకా పడుతుంది. కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు పెట్టండి. తిన్న వెంటనే కుర్చీలోకి మార్చకండి.

కుర్చీలో కళ్లు తిరుగుతున్నాయంటే కుర్చీని వెనక్కి వాల్చి కాళ్లు ఎత్తండి. తలనొప్పికి కూర్చోబెట్టమన్నాను, దీనికి వాల్చమంటున్నాను. ఒకదానికి చేయవలసినది రెండోదానికి చేస్తే ప్రమాదం. అందుకే బీపీ మిషను చేతికందేలా పెట్టుకోండి, అనుమానం వస్తే అంకె చూసి నిర్ణయించండి. ఇంకో సంగతి, అతని మామూలు అంకె 90 కాబట్టి 130 కూడా అతనికి ఎక్కువే. తన మామూలు అంకె కంటే 20 నుంచి 40 పెరిగితే చాలు, డిస్‌రిఫ్లెక్సియా అనుకుని వెతకడం మొదలుపెట్టండి. చాలామంది డాక్టర్లు కూడా 130 చూసి బాగుందంటారు.

ఇక టెల్మిసార్టాన్. నాడుల ఆసరా పోయిన వ్యక్తి బీపీని నిలబెట్టుకునేది కిడ్నీల నుంచి మొదలయ్యే రెనిన్, యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ల మీద ఆనుకుని. కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు అతన్ని ఆ మాత్రం నిలబెడుతున్నది అవే. టెల్మిసార్టాన్ సరిగ్గా ఆ యాంజియోటెన్సిన్‌నే అడ్డుకుంటుంది. చేతికర్ర మీద నడిచేవాడి దగ్గర కర్ర లాగేసినట్టు. స్పృహ తప్పడం ఎందుకు పెరిగిందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. అప్పుడప్పుడు వచ్చే 180ని రోజువారీ మాత్ర ఆపదు, రోజంతా ఉండే 90ని మాత్రం ఇంకా కిందికి లాగుతుంది. ఆ మాత్ర పట్టుకుని రేపే ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరకు వెళ్లి, ఈ కారణం చెప్పి ఆపించండి. బీపీ మందులన్నీ ఒకటి కావు, కొన్నింటిని హఠాత్తుగా ఆపకూడదు. కాబట్టి వేరే మాత్రలు కూడా ఇచ్చి ఉంటే అన్నీ తీసుకెళ్లండి. కట్లు, బెల్టు చాలకపోతే బీపీ పెంచే మిడోడ్రిన్ వంటి మందు డాక్టరే ఆలోచిస్తారు. అది వేసుకున్నాక నాలుగు గంటల పాటు వెల్లకిలా పడుకోకూడదు, సాయంత్రం ఆలస్యంగా వేయకూడదు.

కొబ్బరినీళ్ల సంగతి. మన కోనసీమలో ఏ జబ్బుకైనా ముందు బొండం కొట్టి ఇస్తాం. తాగితే తప్పు లేదు, నీరు అందుతుంది. కానీ బీపీ నిలబడటానికి కావలసింది సోడియం, అంటే ఉప్పు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అతనికి ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మేలు. కిడ్నీల పరీక్ష మామూలుగా ఉంటేనే ఉప్పు పెంచండి. కిడ్నీ దెబ్బతిని ఉంటే కొబ్బరినీళ్ల పొటాషియం కూడా ప్రమాదమే, అందుకే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి.

వేసవి వస్తోంది కాబట్టి ఇదీ చెప్పాలి. దెబ్బకు కింద అతనికి చెమట పట్టదు, ఒంటి వేడి బయటికి పోదు. రోహిణి కార్తెలో మన దగ్గర గాలిలోని తేమకు మామూలు మనిషే తట్టుకోలేడు. మధ్యాహ్నం వేళ అతన్ని అరుగు మీద కూర్చోబెట్టకండి. తడి తువ్వాలు ఒంటి మీద వేసి ఫ్యాను పెట్టండి. వేడికి రక్తనాళాలు వదులై బీపీ కూడా ఇంకా పడుతుంది.

ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసి కుర్చీ వెనక కట్టండి: "మెడ ఆరో పూస దగ్గర వెన్నుపాము దెబ్బ. మామూలు బీపీ 90/60. తలనొప్పి, చెమట వస్తే ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా. పడుకోబెట్టవద్దు. మూత్రం గొట్టం చూడండి." 108 సిబ్బంది వెన్ను దెబ్బ అనగానే స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెడతారు, అది వాళ్ల శిక్షణ. ఇది పాత దెబ్బ అని, ఆపరేషన్ అయి పూసలు కుదురుకున్నాయని చెప్పి తల ఎత్తి కూర్చోబెట్టి తీసుకెళ్లమనండి. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఆగవలసి వచ్చినా, అతన్ని కూర్చోబెట్టే ఉంచండి.

రెండు వారాల పాటు ఒక పుస్తకంలో పొద్దున పడుకుని ఉన్నప్పుడు, కూర్చోబెట్టిన మూడు నిమిషాలకు, రాత్రి పడుకునే ముందు బీపీ, నాడి రాయండి. తలనొప్పి వచ్చిన ప్రతిసారీ గంట, అప్పటి అంకె, దొరికిన కారణం, గొట్టం మార్చి ఎన్ని రోజులైందో రాయండి. వారానికి ఒకటి రెండుసార్లు వస్తోందంటే నా అనుమానం ఆ గొట్టం మీదే ఉంది. మళ్లీ మళ్లీ పూడుకుపోతుంటే మూత్రాశయంలో రాళ్లు ఉన్నాయేమో స్కానింగ్ చేయించాలి. ఆ పుస్తకంలో రాసింది ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.